ఇప్పపువ్వు రాలినన్నాళ్లు

"నానమ్మా, డాడీకి చెప్పు. నేను తినను."

ఇది గదిలోంచి వచ్చిన మాట. తలుపు వేసే ఉంది.

"అమ్మా, దానికి చెప్పు. తినకుంటే పస్తు పండుకోమను. ఫోన్ మాత్రం చస్తే ఇయ్య."

ఇది హాల్లోంచి. నా కొడుకు కాగితం మిల్లులో డ్యూటీ దిగి వచ్చి ఇంకా బూట్లు కూడా విప్పలేదు. కోడలు వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడుతోంది. ఆమె చెప్పదలచుకున్నది ఆ గిన్నెలే చెబుతున్నాయి. అందరి నడుమా నేను. మోకాళ్లు పీకుతున్నాయి, కూర్చోవాలని ఉంది, కానీ నేను కూర్చుంటే ఈ ఇంట్లో మాట ఎవరు మోస్తారు?

తలుపు దగ్గరికి పోయి, "నువ్వు తినలేదని మీ డాడీ మస్తు బాధపడుతున్నడే బంగారం, ఒక ముద్ద తిను" అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాడు బాధపడ్డాడో లేదో నాకేం తెలుసు? వాడన్నది పస్తు పండుకోమని. నేను బాధ అని మార్చి చెప్తే మనవరాలు తలుపు తీస్తుంది, తింటుంది, ఈ పూట గడిచిపోతుంది. ఇట్లా ఎన్ని పూటలు గడిపానో. ఈసారి ఎందుకో చెప్పకుండా బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. మా అమ్మ గుర్తొచ్చి ఒక చోట కుదురుగా ఉండనివ్వడం లేదు.

మొన్నామధ్య మనవరాలి బడిలో తల్లిదండ్రులను పిలిచారు. కొడుక్కి షిఫ్టు ఉంటే నేను పోయాను. ఒక మేడం మైకు పట్టుకుని, పిల్లల కళ్లల్లోకి చూసి మాట్లాడండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి, నడుమ అడ్డం పడకండి అని చెప్పింది. మంచి మాటే. కానీ కళ్లల్లోకి అన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో ఎవరి కళ్లల్లోకి ఎవరు చూశారు తల్లీ! మా నాయన నాతో మొదటిసారి మనసు విప్పి మాట్లాడింది నేల వైపు చూస్తూనే. నేనూ నేల వైపు చూస్తూనే విన్నాను. ఇద్దరం వంగి ఇప్పపువ్వు ఏరుతున్నాం.

మాది పినపాక దాటి ఇంకా లోపలికి పోతే అడవి అంచున ఉండే పల్లె. ఊరు ఇప్పటికీ ఉంది, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. మా ఇప్పచెట్లు ఉన్న చోట ఇప్పుడు జామాయిల్ తోటలు నిలువునా వరసలు కట్టి ఉంటాయి, మిల్లుకు పోయే కర్ర. దాని వాసన మందు డబ్బా వాసన. అప్పట్లో ఎండలు ముదిరే ముందు ఊరంతా ఒకటే వాసన, తియ్యగా, మందంగా, కొత్తవాళ్లకైతే తల తిరిగేంత. బట్టలకు అదే, జుట్టుకు అదే. బడిలో పంతులు గారు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. "తాగొచ్చిన్రా ఏందిరా పొద్దుగాల్నే" అనేవారు. ఎండిన పువ్వును వేయించి, నువ్వులు, బెల్లం వేసి అమ్మ రోట్లో దంచి ముద్దలు చేసేది. ఆ ముద్ద బుగ్గన పెట్టుకుని బడికి పోతే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుండేది కాదు. ఇప్పుడు అదే ముద్దను రంగు డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు, కొని తిన్నాను, చక్కెర ఎక్కువ. ఆ సంగతి వదిలేద్దాం.

మా ఇంట్లో నాయనతో ఎవరూ నేరుగా మాట్లాడరు. చెడ్డవాడేం కాదు. ఒక్క దెబ్బ కొట్టిన గుర్తు లేదు. వెదురు కొట్టడానికి అడవిలోకి పోయి రోజుల తరబడి అక్కడే ఉండి వచ్చేవాడు, మాట తక్కువ, వచ్చిన ఆ ఒక్క మాటా మొరటు. అందుకని ఆయనకు చెప్పాల్సింది అమ్మకు చెప్పేవాళ్లం. ఆయన మాకు చెప్పాల్సింది కూడా అమ్మకే చెప్పేవాడు, మేం ఎదురుగా నిలబడి ఉన్నా సరే.

"ఆ పోరికి చెప్పు, చెట్లెక్కిందంటే కాళ్లిరగ్గొడ్త."

అమ్మ నా వైపు తిరిగి, "నాయనకు నువ్వంటే పానం బిడ్డా. పడ్తవని గుండె కొట్టుకుంటున్నదట" అనేది.

నేను ముక్కు ఎగబీల్చి, "కొత్త గౌను కొనియ్యకుంటే ఆయనతోని జన్మల మాట్లాడ" అనేదాన్ని.

అమ్మ అటు తిరిగేది. "పిల్ల గౌను అడుగుతున్నది. నువ్వు తెస్తే ఊరంత చూపిచ్చుకుంటదట."

అమ్మ నోట్లో ఒక జల్లెడ ఉండేది. అందులోంచి వచ్చేసరికి రాళ్లన్నీ పైన ఉండిపోయేవి. ఎదురుగా ఉన్న మనిషి మాటను ఇంకో మనిషి చెప్తే వినడం ఏమిటని ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. మాకు నవ్వు రాలేదు. ఇళ్లన్నీ అట్లాగే నడుస్తాయనుకున్నాం.

ఇక మా అత్త సంగతి చెప్పాలి, అసలు కథ ఆమెతోనే మొదలు. అత్త నాయనకు అక్క. నాయన పాకే వయసులో ఉండగానే వాళ్లమ్మ పోయింది. చంకన వేసుకుని, అన్నం నమిలి పెట్టి పెంచింది ఈ అక్కే. పెనుబల్లి వైపు ఇచ్చారు ఆమెను. ఆ వైపు పోయాక మాట కూడా మెత్తబడింది. మేం ఏంది అంటే ఆమె ఏంటి అంటుంది. పిల్లలు పుట్టలేదు. మామ పోయాక ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది, రెండు బర్రెలు, ఒక బావి.

ఆ ఏడు పువ్వు రాలే రోజుల్లో మా ఇంటికి వచ్చి, తిరిగి పోయేనాడు, వాకిట్లో తాడు పేనుతున్న నాయన పక్కన కూర్చుంది. నేను గాదె వెనక ఉన్నాను. పప్పు బెల్లం దొంగతనంగా తింటున్నాను కాబట్టి చప్పుడు చేయలేదు.

"తమ్ముడూ, పొద్దుగూకితే గోడలు మీద పడుతున్నట్టుంటోంది. ఈ పిల్లను నాకివ్వరా. పెంచుకుంటాను."

నాయన తల కూడా ఎత్తలేదు. తాడు పేనుతూనే, "తీస్కపో అక్కా. నీది కాదా ఏంది" అన్నాడు.

"నిజంగానా?"

"పువ్వు ఉడగనియ్యి. మంచిరోజు చూసి ఒడిల కూసోబెడ్దం."

అంతే. బర్రె దూడను ఇచ్చేవాడు కూడా ఒకసారి దాని వీపు నిమిరి ఇస్తాడు. వంటింటి గడపలో అమ్మ చేట పట్టుకుని నిలబడి ఉంది. చేటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది, ఊక ఎప్పుడో పోయింది, అయినా చెరుగుతూనే ఉంది.

మా వైపు పెంపకానికి ఇవ్వడమంటే పెద్దమనుషుల ఎదుట పిల్లను ఒడిలో కూర్చోబెట్టి, తల్లీ తండ్రీ ఇద్దరూ నోరారా "ఇగ నీ బిడ్డ" అనాలి. ఆ తర్వాత వరసలే మారిపోతాయి. అత్త అమ్మ అవుతుంది. అంటే ఆమె తమ్ముడు నాకు మామ. మామ పెళ్లాం అత్త. ఈ లెక్క నాకు చెప్పింది పక్క చెట్టు ముసలవ్వ. ఊళ్లో ఎవరి ఇప్పచెట్లు వాళ్లకు ఉండేవి, మా చెట్ల పక్కనే ఆమెది. పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వుతూ, "ఇగ నీ నాయన నీకు మామైతడే! మీ అన్న బావైతడు!" అంది. థూ అని ఉమ్మేశాను. అన్న అప్పటికి హాస్టల్లో చదువుతున్నాడు కాబట్టి బతికిపోయాడు, లేకుంటే ఆ కోపమంతా వాడి మీద పోయేది. చాటుకు పోయి "మామా" అని ఒకసారి అని చూశాను. నోట్లో మన్ను పడ్డట్టయింది.

అమ్మను అడిగాను. "నన్ను నిజంగనే ఇస్తరా?"

"నాయన మాటిచ్చిండు బిడ్డా. నువ్వు వద్దంటే అక్క ముందట ఆయన తల దించుకోవాలె. అత్త నిన్ను బంగారం లెక్క చూస్కుంటది. నాయన కూడ లోపల్లోపల ఏడుస్తున్నడు, బయటికి అనడు."

ఏడవడమేంది, మనిషి తాడు పేనుతున్నాడు! అమ్మ జల్లెడ మీద మొదటిసారి నాకు నమ్మకం పోయింది. కానీ నాయన దగ్గరికి పోయి నేరుగా అడిగే ధైర్యం మాత్రం రాలేదు. అడిగితే ఏమంటాడు? ఏమన్నా జల్లించి చెప్పేవాళ్లు ఉండరు.

సరిగ్గా అప్పుడే గోదావరి అవతల మా అమ్మమ్మ కాలుజారి పడి నడుం విరగ్గొట్టుకుంది. అమ్మ చంకలో నా చంటి తమ్ముడిని వేసుకుని పడవెక్కింది. ఎక్కేముందు నా తల దువ్వింది, అప్పుడే దువ్విన తలను మళ్లీ దువ్వింది. నాయన గడ్డ మీద నిలబడి ఉంటే ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఏదో అంటుందనుకున్నాను. "మీ నాయనకు యాళ్లకు గటక పెట్టు" అంది. పడవ కదిలింది. ఆ విధంగా మా ఇంట్లో నేనూ నాయనా మిగిలాం, నడుమ మాట మోసే మనిషి లేకుండా.

మొదటి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చిరచిరలాడుతుంది. ఇద్దరం కుండతో, కోడితో, గోడతో మాట్లాడేవాళ్లం. "ఈ కుండల నీళ్లు లేవే" అని నాయన కుండతో అనేవాడు. నేను నీళ్లు తెచ్చేదాన్ని. "ఈ గటకల ఉప్పు తక్కువైంది" అని నేను గటకతో అనేదాన్ని. నాయన ఉప్పు చిప్ప జరిపేవాడు. ఆ జొన్నరవ్వ గటక వండింది ఆయనే. ఉండలు ఉండలు, గోడకేసి కొడితే గోడ కూలేట్టు. చింతచిగురు పప్పు మాత్రం బాగా చేశాడు, ఆ మాట ఆయనతో చెప్పలేదు.

తెల్లారకముందే బుట్టలు పట్టుకుని అడవిలోకి పోవాలి. పువ్వు కోసేది కాదు, దానంతటదే రాలాలి. పైన టప్ టప్‌మని రాలుతూ ఉంటే కింద వంగి ఏరుకుంటూ పోవడమే. ముందే చెట్టు కింద ఊడ్చి ఆకులు కాల్చి పెట్టుకుంటే నల్లటి నేల మీద పువ్వులు పాలమీగడ రంగులో కనిపిస్తాయి. ఎలుగుబంట్లకు ఈ పువ్వంటే ప్రాణం. అందుకని ఒక్కో చెట్టు కింద ఉన్నవాళ్లు మధ్యమధ్యలో "కూ" అని కూత పెట్టాలి, రెండోవాళ్లు "కూ" అని తిరిగి పలకాలి. పలకకపోతే పరుగెత్తుకు రావాలి. నాయన అటు చెట్టు కింద, నేను ఇటు చెట్టు కింద. ఆయన కూత పెట్టేవాడు, నేను పలికేదాన్ని. ముసలవ్వ మాత్రం కూత పెట్టదు, ఎలుగుబంటిని పేరు పెట్టి తిడుతూ ఏరుకుంటుంది. "రా రా, నీ తాత పెట్టిన చెట్టా ఇది!" అని. ఆ తిట్లకే ఏ జంతువూ రాలేదని నా నమ్మకం.

పువ్వు మాత్రం తగ్గుతూ వస్తోంది. మొదట్లో బుట్ట నిండి పొర్లేది. తర్వాత నిండేది. తర్వాత అడుగు కనిపించడం మొదలైంది. కొమ్మల చివర ఎర్రటి లేతాకు వేస్తోంది, ఆకు వేసిందంటే పువ్వు ఉడిగినట్టే. మిగతావాళ్లు పని తప్పిందని సంతోషపడుతుంటే నేను ఆ ఆకులు లెక్కపెడుతున్నాను. పువ్వు ఉన్నన్నాళ్లే నేను ఈ ఇంట్లో. పొద్దున లేస్తూనే పైకి చూసేదాన్ని, కొమ్మల్లో మొగ్గలు ఇంకా ఉన్నాయా అని. పగలంతా కాలుగాలిన పిల్లిలా ఇంటి చుట్టూ తిరిగేదాన్ని. ఒక పని మొదలుపెట్టి సగంలో వదిలి ఇంకోటి పట్టుకునేదాన్ని. నాయన చూసేవాడు. "ఈ కోడికి ఏమైందో, ఒక్క తాన నిలుస్తలేదు" అని కోడితో అనేవాడు. కోడి కుదురుగానే ఉండేది.

అప్పుడే ఒక తెలివి పుట్టింది నాకు. దానికి తెలివి అని పేరు పెట్టడం తప్పే అనుకోండి. వాకిట్లో ఆరబోసిన పువ్వులోంచి కాస్త లేతగా ఉన్నది ఏరి, ఎండి ముడుచుకుంది కదా అని నీళ్లలో నానేసి, ఉబ్బాక ఒళ్లో కట్టుకుని నాయనకంటే ముందే పోయి చెట్టు కింద చల్లాను. పువ్వు ఇంకా రాలుతోందనుకుంటాడు, పువ్వు ఉడగలేదంటాడు, అత్తకు కబురు పోదు. ఎంత లెక్క! రోజూ చల్లుతూనే పోతే వర్షాకాలం కూడా దాటించేద్దామనుకున్నాను.

ఇప్పపువ్వు ఎండినదాన్ని నానబెడితే ఏమవుతుందో మా అడవిలో పాలు తాగే పిల్లను అడిగినా చెప్తుంది. సారాకు మొదటి మెట్టు అదే. తొలి ఎండ తగలగానే ఆ వాసన గుప్పుమంది. అవతల చెట్టు నుంచి ముసలవ్వ, "ఎవడ్రా పొద్దుగాల్నే బట్టీ పెట్టింది, నాకో దొన్నె పొయ్యి!" అని అరిచింది.

నాయన వచ్చాడు. వంగాడు. ఒక పువ్వు తీసి వేళ్ల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గోధుమరంగు తిరిగిన పువ్వు, పాలమీగడ రంగు ఎక్కడా లేదు. నేను వంగి, నేనే చల్లిన పువ్వును ఏరుతున్నాను. వీపు మీద ఆయన చూపు తెలుస్తోంది.

"నిన్నటి పువ్వు మళ్ల చెట్టెక్కి రాలిందా?" అన్నాడు.

కుండతో కాదు, కోడితో కాదు. నాతో.

"ఎందుకు చేసినవ్?"

"పువ్వు ఉడిగితే నన్ను పంపిస్తవ్ గద."

ఆయన కూడా వంగి ఏరడం మొదలుపెట్టాడు, ఆ పనికిరాని పువ్వునే. కాసేపటికి, "నువ్వే పోతనన్నవంట గద" అన్నాడు.

"ఎవరన్నరు?"

"మీ అమ్మ. అత్త ఇంటికంటే ఎగిరి గంతేస్తున్నదని చెప్పింది."

"నేననలే! నన్నెవరడిగిండ్రు? నన్ను ఎందుకు వద్దనుకున్నవ్ నాయనా?"

"ఎవడే నిన్ను వద్దన్నది! పల్లు రాలగొడ్త, పిచ్చి కూతలు కూస్తే!"

ఆ మాట అట్లాగే వచ్చి తగిలింది, రాళ్లతో సహా. నడుమ అమ్మ లేదు. నేను చెట్టు మొదలుకు ఆనుకుని, ముక్కు కారుతుండగా, ఊపిరి తిరగకుండా ఏడ్చాను. నాయన లేచి అవతలి చెట్టు దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ పోయాడు. తలగుడ్డ తీసి మళ్లీ కట్టుకున్నాడు. చివరికి నాకు కాస్త పక్కగా, ముఖం అటు తిప్పి, గొంతుక్కూర్చుని పువ్వు ఏరుతూ అన్నాడు.

"ఇగ చెప్పు. నేనింట. నడుమ మాట్లాడ."

నేను చెప్పాను. ఒక వరస లేదు, పొంతన లేదు. గాదె వెనక నుంచి విన్నానని చెప్పాను. తల కూడా ఎత్తకుండా ఇచ్చేశావని చెప్పాను. అత్త మంచిదే గానీ ఆ ఇంట్లో రాత్రి బర్రెలు నెమరేసే చప్పుడు తప్ప ఏమీ వినపడదని చెప్పాను. అమ్మను అత్తా అని పిలవాలంటే నోరు రావడం లేదని, నిన్ను మామా అనమంటే ఎట్లా అంటానని చెప్పాను. ఆయన నిజంగానే నడుమ మాట్లాడలేదు. అడవిలో కూతకు పలికినట్టు మధ్యమధ్యలో "ఊ" అన్నాడు. ఒకసారి మాత్రం, నేనన్న మాటనే మళ్లీ అన్నాడు. "తల గూడ ఎత్తలేదంటవ్."

"ఎత్తలే."

"ఎత్తితే కండ్లల్ల నీళ్లు కనిపిస్తయని ఎత్తలే బిడ్డా."

నేను తల ఎత్తి చూశాను. ఆయన ముఖం అటే ఉంది.

"అక్క లేకుంటే నేను లేను. ఆమె నోరు తెరిచి అడిగినంక కాదనే నోరు నాకేడిది? సరే అన్న. మల్ల మీ అమ్మ వచ్చి నువ్వు సంబురపడుతున్నవని చెప్పే. నన్ను ఇడిశిపెట్టి పోవుడంటే దీనికి గింత సంబురమా అని మనసు కాలింది. నిన్ను చూడబుద్ధి కాలే. గందుకే కుండతోని, కోడితోని మాట్లాడిన."

నేనూ ఊ అన్నాను.

"మరి నన్ను పంపియ్యవా?"

"అక్కకు ఏమని చెప్పాలెనో తెల్వదు. నీకు మాటియ్య. ఒకసారి తొందరపడి ఇచ్చిన, చాలు. కని నువ్వన్నది మాత్రం ఇన్న."

చూశారా, హామీ ఇవ్వలేదు. అమ్మ అయితే ఇచ్చేసేది. ఆ రోజు నుంచి ఇద్దరికీ నిద్ర లేదు, తిండి సయించలేదు. కానీ మాట్లాడుకుంటూ ఉన్నాం. గటకలో ఉండలు ఎందుకు కడుతున్నాయో ఆయనకు చెప్పాను. చింతచిగురు పప్పు బాగుందని కూడా చెప్పేశాను. "గిన్ని దినాలకా చెప్పేది" అన్నాడు.

పువ్వు ఉడిగింది. అమ్మ తిరిగొచ్చింది. మర్నాడే అత్త దిగింది. కొత్త పరికిణీ, సత్తుపల్లి సాయిబు దగ్గర బేరమాడి కొన్న గాజులు, ఒక డబ్బా నిండా సున్నుండలు. ముసలవ్వ పెద్దమనిషిగా వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అమ్మ నాకు తలంటి, వాకిట్లో పీట వేసి, అత్తను కూర్చోబెట్టింది. అత్త చీర కొంగు సర్దుకుని ఒడి పరిచింది. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకే జాలేసింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు నడిపిస్తోంది.

"ఆగు" అన్నాడు నాయన. "అక్కా, నేను తప్పు చేసిన. ఎవ్వరినీ అడగకుండ నీకు మాటిచ్చిన. బిడ్డా, నాకు చెప్పిన తీరు అత్తకు చెప్పు."

అమ్మ గబగబా అడ్డం వచ్చింది. "చిన్నపిల్ల వదినె, బెంగతోని ఏదో అంటది. రెండు దినాలైతే..."

"నువ్వు చెప్పకు. దాన్ని చెప్పనియ్యి."

అమ్మ చెయ్యి వదిలించుకుని చెప్పాను. "అత్తా, నువ్వంటే నాకిష్టమే. కని నేను రాను. సెలవులకొస్త. బిడ్డ లెక్క రాను."

అత్త ఒడి ముడుచుకుంది. గాజుల పొట్లం చేతిలోనే నలిగింది. "నీకు నమిలి పెట్టింది నేనురా!" అని నాయన మీద విరుచుకుపడింది. "ఈ ఒంటి మీద పెరిగావు నువ్వు! నాకు చేసే మర్యాద ఇదేనా?"

"అవ్ అక్కా. నువ్వే పెంచినవ్" అన్నాడు నాయన. తప్పించుకోలేదు. "ఇంట్ల ఒక్కదానివే ఉండలేకపోతున్నవ్. పొద్దుగూకితే గోడలు మీద పడ్తున్నట్టున్నదన్నవ్. ఆనాడు నువ్వది చెప్తుంటే నేను ఇనలే అక్కా. ఇనుంటే ఎట్లుంటున్నవ్ అని అడుగుదును. ఇనకనే పిల్లను ఇచ్చిన."

అత్త ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ముసలవ్వ కూడా కళ్లు తుడుచుకుంది గానీ ఒక సున్నుండ కూడా తీసుకుంది. ఏడుపు ఆగాక అత్త అమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, పిల్ల ఎగిరి గంతేస్తోందని కబురంపావు కదా నువ్వు! ఆశపెట్టింది నువ్వేగా!"

అందరూ అమ్మ వైపు చూశారు. నాయన ఇప్పుడు ఆమెను తిడతాడు, కొడతాడేమో కూడా అనుకున్నాను. ఆయన దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అందరి మాటలు నువ్వే చెప్తవ్" అన్నాడు. "నీదేంది? నీ మనసుల ఏమున్నది?"

"నాదేమున్నది. మీరెట్లంటే గట్లనే."

"మేమనేది అడగలే."

అమ్మ పక్కన ఉన్న చేట అందుకుంది, కింద పెట్టింది. కొంగు చివర మెలిపెట్టింది. ఆ జల్లెడలోంచి తన మాట పట్టుకోవడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో.

"నాకు ఇయ్యబుద్ధి కాలే" అంది. ఎవరికీ వినపడనంత మెల్లగా. తర్వాత గట్టిగా. "నేను కన్న! నాకు ఇయ్యబుద్ధి కాలే! మీ అక్క అడిగిననాడు గడపల నిలబడ్డ, నువ్వు నా దిక్కు చూస్తవేమోనని. పడవెక్కేటప్పుడు చూసిన, ఒక్కమాట అడుగుతవేమోనని. ఎవ్వరడగలే. నువ్వడగలే, పిల్ల అడగలే. పిల్ల ఏడుస్తదని దానికొక మాట, నువ్వు కుములుతవని నీకొక మాట, వదినె చిన్నబోతదని ఆమెకొక మాట. అందరికి చెప్పిన. నాకెవరు చెప్పాలె?"

"నోరుంది కదే నీకు! అనొచ్చు కదే!" అంది అత్త.

"అడిగేటోళ్లు లేని ఇంట్ల నోరుండి ఏం జేస్కోను వదినె?"

"అవ్" అన్నాడు నాయన. "నేనడగలే." ఇంకేమీ కలపలేదు. అత్త లేచి వచ్చి, కోపం ఇంకా పోని చేతితోనే అమ్మ భుజం పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. నలిగిన గాజులు నాకు తొడిగింది. రెండు పగిలిపోయాయి.

అత్త ఒక్కతే పోలేదు ఆ రోజు. నాయన ఆమెతో పాటు బస్సెక్కాడు, తొలకరి దాకా ఆమె దగ్గరే ఉండి పొలం పనులు చేసి వచ్చాడు. ఆ తర్వాత ఏటా ఎండాకాలం నేనూ పోయేదాన్ని. కానీ మేమంతా ఎంత చేసినా ఆమె కోరుకున్నది అది కాదు. నేను తిరిగి వచ్చేటప్పుడు బస్సు కదిలేదాకా ఆమె కిటికీ చువ్వ వదిలేది కాదు. నేను కాదన్నది తప్పు కాదు, ఆమె అడిగింది కూడా తప్పు కాదు.

మా ఇల్లు ఒక్కరోజులో మారిపోయిందని చెప్తే అబద్ధం. నాయన మొరటు మాట మొరటుగానే ఉంది. అమ్మ మాటలు మోయడం కూడా మానలేదు, అలవాటు ప్రాణం అయిపోయింది ఆమెకు. కాకపోతే ఆనాటి నుంచి ఒక కొత్త పద్ధతి పట్టుకుంది. "గిది మీ నాయన మాట" అని చెప్పేది, "గిది పిల్ల మాట" అని చెప్పేది, ఆ తర్వాత కాస్త ఆగి, గొంతు సవరించుకుని, "గిది నాది" అనేది. ఆ నాది అన్నది పెద్ద విషయమేమీ అయ్యేది కాదు. నడుం నొప్పిగా ఉందని, గోదారి పొంగితే చూడాలని ఉందని, ఈ పూట పొయ్యి ముట్టించబుద్ధి కావడం లేదని. ఆ మాట వినడానికి నాయన చేతిలో పని ఆపేసేవాడు.

ఆ తల్లికి పుట్టి, ఆ పని ఇంత బాగా నేర్చుకుని, అందరి మాటలూ ఇన్నేళ్లు మోశాను. "గిది నాది" అనే ఆ చివరి మాట ఒక్కటి నేను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.